పుష్కరానికి 240 మీటర్లు: గోముఖం కథ

(రాజమహేంద్రవరంలో ఒక గ్రంథాలయ వార్షిక సభలో విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం ఇది. చివర సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి వినపడకపోయినా ఫరవాలేదు, వాళ్ళు హాయిగా ఉన్నారు. (నవ్వులు)

నన్ను మంచుకొండల గురించి మాట్లాడమన్నారు. బయట 42 డిగ్రీలు. ఇలాంటి రోజు మంచు మాట వింటేనే చల్లగా ఉంటుందని కార్యదర్శి గారు అనుకున్నారేమో. నేను హిమాలయాలన్నిటి గురించీ చెప్పను. ఒక్క చోటు గురించే చెబుతాను. అది గోముఖం, భాగీరథి పుట్టే చోటు. ఇక్కడున్న పెద్దవాళ్ళలో చాలామంది గంగోత్రి దాకా వెళ్ళొచ్చి ఉంటారు. గోముఖం దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమంది? ఒకటి, రెండు... నలుగురు. సంతోషం. నేను తప్పు చెబితే పట్టుకోవడానికి నలుగురు ఉన్నారన్నమాట.

నేను మొదటిసారి 1994లో వెళ్ళాను. గంగోత్రి నుంచి నడక. తొమ్మిది కిలోమీటర్ల దగ్గర చీర్‌బాసా, పద్నాలుగు దగ్గర భోజ్‌బాసా. చీర్ అంటే పైన్ జాతి చెట్టు, భోజ్ అంటే మన భూర్జపత్రం. పూర్వం తాళపత్రాలు దొరకని చోట గ్రంథాలు రాసుకున్నది ఆ చెట్టు బెరడు మీదే. భోజ్‌బాసాలో ఇప్పుడు ఆ చెట్లు చాలావరకు లేవు, పేరు మాత్రం మిగిలింది. వచ్చిపోయే వాళ్ళకి వంట చెరుకు కావాలి కదా.

భోజ్‌బాసాలో ఒక రాత్రి పడుకుని తెల్లారి గోముఖానికి బయల్దేరాం. మా ఆవిడ కూడా ఉంది. ఆవిడ మనసులో క్యాలెండరు బొమ్మ ఉంది. తెల్లగా మెరిసే మంచుకొండ, దాన్నుంచి పాలలా దూకే గంగ. చివరి మలుపు తిరిగాక ఎదురుగా ఉన్నది చూసి, "ఇదేనా అండీ? ఇది మట్టిగుట్ట కదూ?" అంది. ఆవిడ తప్పేం లేదు. బూడిదరంగు గోడ, దాని మీద రాళ్ళు, మట్టి, ఇసుక. అక్కడక్కడ పగిలిన చోట మాత్రం నీలంగా, గాజులాగా మంచు. కింద గుహ లాంటి నోరు. అందులోంచి నీళ్ళు బురదరంగులో హోరుమని వస్తున్నాయి. పాలలా ఏమీ లేవు. కాఫీలో పాలు తక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

మళ్ళీ 2017లో వెళ్ళాను. ఈసారి అనుమతి కాగితం తీసుకోవాల్సి వచ్చింది, రోజుకు 150 మందిని మించి వదలరు. అప్పుడు నన్ను తోడు వచ్చిన మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, నువ్వు ముందు వచ్చినప్పుడు గోముఖం ఎక్కడుండేది?" నేను భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి. చుట్టూ చూశాను. రాళ్ళు. అంతా రాళ్ళే. ఎక్కడుండేదో చెప్పలేకపోయాను. సిగ్గేసింది. కానీ తర్వాత ఆలోచిస్తే, ఇవాళ నేను మీకు చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపించింది. కంటితో చూస్తే తెలియదు, కొలవాలి. దేన్ని కొలుస్తున్నామో కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడే చాలామంది బోల్తా పడ్డారు. అందులో పెద్దపెద్దవాళ్ళున్నారు.

ముందు వస్తువేమిటో చూద్దాం. పాఠ్యపుస్తకంలో హిమానీనదం అని రాస్తాం. ఆ కొండ ప్రాంతమైన గఢ్వాల్‌లో దాన్ని బమక్ అంటారు. సర్వే మ్యాపుల్లో గంగోత్రి బమక్, చతురంగి బమక్ అనే ఉంటాయి. గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. పైన 7,000 మీటర్లు దాటిన చౌఖంబా శిఖరాల దగ్గర మొదలై, కింద దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో గోముఖం దగ్గర ముగుస్తుంది. అది మంచుగడ్డే గానీ కదలని గడ్డ కాదు. తన బరువుకి తానే ఒత్తుకుని, జారి, నెమ్మదిగా కిందికి పారుతూ ఉంటుంది. అందుకే నదం అన్నారు. మాట పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఇదెలా బతుకుతుంది? మన ఊళ్ళలో గాదె ఉండేది. ఇక్కడున్న కుర్రాళ్ళు చూసి ఉండరు, మీ తాతగార్ని అడగండి. పైనుంచి ధాన్యం పోస్తాం, కింద ఉన్న కంత లోంచి తీసుకుంటాం. హిమానీనదం సరిగ్గా అలాంటి గాదె. పైన చలి ఎక్కువ, పడ్డ మంచు ఏడాది తిరిగేసరికి కూడా కొంత మిగిలిపోతుంది. ఏడాది మీద ఏడాది పేరుకుని, కింది పొరలు గడ్డకట్టి, ఆ గడ్డ పారి కిందికొస్తుంది. కింద వేడి ఎక్కువ, అక్కడ కరుగుతుంది. పైన పోసినంత కింద పోతుంటే మూతి, అంటే మంచు ముగిసే కింది చివర, ఒకే చోట ఉంటుంది. పోసేది తగ్గినా, తీసేది పెరిగినా మూతి వెనక్కి జరుగుతుంది. మంచు వెనక్కి నడవదు, అర్థమైందా? అది ఎప్పుడూ ముందుకే పారుతుంది. పారి వచ్చేదాని కన్నా కరిగేది ఎక్కువైతే చివర మాత్రం వెనక్కి పోతుంది.

ఇప్పుడు కొలతల సంగతి. 1817లో హాడ్జ్‌సన్ అనే సర్వే అధికారి గోముఖం దాకా వెళ్ళి చూసినట్టు రాశాడు. కానీ లెక్కకి పనికొచ్చే మొదటి మ్యాపు 1935లో వచ్చింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన జాన్ ఆడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త గీశాడు. ఇప్పుడు మనం గంగోత్రి ఎంత వెనక్కి జరిగింది అంటే, దాదాపు ప్రతివాడూ ఆడెన్ గీత నుంచే లెక్కపెడతాడు. డెహ్రాడూన్‌లో వాడియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిమాలయన్ జియాలజీ అని ఉంది. వాళ్ళ లెక్క ప్రకారం 1935 నుంచి 2022 దాకా, 87 ఏళ్ళలో, సుమారు 1,700 మీటర్లు. ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఇంకో లెక్కలో 1965 నుంచి 2006 దాకా 819 మీటర్లు. రెండూ భాగిస్తే ఏడాదికి 20 మీటర్లకి అటూ ఇటూ వస్తుంది.

ఏడాదికి 20 మీటర్లంటే మనకి ఏమీ అనిపించదు. ఈ హాలు పొడవు అంత. అందుకని నేను తెలుగువాళ్ళ లెక్కలో చెబుతాను. మనకి పన్నెండేళ్ళు అంటే పుష్కరం. చాలాకాలం కనిపించని చుట్టాన్ని "పుష్కరమైంది నిన్ను చూసి" అంటాం. 2011లో గంగా పుష్కరాలు, 2023లో మళ్ళీ వచ్చాయి. కాశీకి ఇక్కడి నుంచి ఎంతమంది వెళ్ళారో మీకు తెలుసు. ఘాట్లలో హిందీ కన్నా తెలుగే ఎక్కువ వినబడింది ఆ పన్నెండు రోజులూ. పుష్కరానికి గోముఖం దాదాపు 240 మీటర్లు వెనక్కి జరుగుతోంది. మన హేవ్‌లాక్ వంతెన మీద లెక్కేసుకోండి. దానికి 56 స్పానులు, రెండు స్తంభాల మధ్య 45 మీటర్ల చిల్లర. పుష్కరానికి అయిదు స్తంభాలు దాటుతోంది. ఆడెన్ మ్యాపు నాడు కొవ్వూరు ఒడ్డున బయల్దేరిందనుకుంటే ఇప్పటికి 37 స్తంభాలు దాటి, గోదావరి మధ్య దాటేసి మన వైపు వచ్చేసింది.

ఈ లెక్క విని భయపడేవాళ్ళున్నారు, తీసిపారేసేవాళ్ళున్నారు. ఇద్దరూ ఎక్కడ తప్పారో చెబుతాను.

భయపడ్డవాళ్ళ కథ ముందు. 2007లో ఐపీసీసీ, అంటే ప్రపంచ దేశాలన్నీ కలిసి వాతావరణ మార్పు మీద పెట్టుకున్న శాస్త్రవేత్తల సంఘం, తన నాలుగో నివేదికలో ఒక వాక్యం రాసింది. హిమాలయాల్లో హిమానీనదాలు 2035 కల్లా, ఇంకా ముందే కూడా, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువ అని. 2035. మన లెక్కలో వచ్చే గంగా పుష్కరాల ఏడాది! పుష్కరుడు వచ్చేసరికి గంగమ్మకి పుట్టిల్లే ఉండదన్నమాట. పేపర్లన్నీ రాశాయి. కానీ అది తప్పు. వందల మీటర్ల మందం ఉన్న మంచు పాతికేళ్ళలో పోదు. ఆ విషయం భౌతికశాస్త్రం కొద్దిగా తెలిసిన వాడెవడైనా చెబుతాడు. ఆ వాక్యం ఏ శాస్త్ర పత్రిక నుంచీ రాలేదు. ఎక్కడో ఇంటర్వ్యూలో అన్నమాట చేతులు మారి మారి నివేదికలో చేరింది. పాత రష్యన్ పత్రంలో 2350 అని ఉన్న అంకెలు తారుమారయ్యాయేమోనన్న అనుమానం కూడా ఉంది. 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకుని ఆ మాట వెనక్కి తీసుకుంది.

దాంతో ఏమైంది? రెండో జట్టుకి పండగ. "చూశారా, అంతా అబద్ధమే" అన్నారు. వాళ్ళ లెక్క ఇంకోటి. పొడవు 30 కిలోమీటర్లు, ఏడాదికి 20 మీటర్లు, భాగిస్తే 1,500 ఏళ్ళు. ఇంకెందుకు టెన్షన్? నాకు తెలిసిన ఒక ఇంజనీరు గారు ఇదే లెక్క కాగితం మీద వేసి నాకు చూపించారు. భాగహారం తప్పు లేదు. కొలిచిన వస్తువే తప్పు.

మనకి ఒక సామెత ఉందిగా, గాదె కింద పందికొక్కు. బయటి నుంచి చూస్తే గాదె అంతే ఎత్తుగా, అంతే గుండ్రంగా ఉంటుంది. లోపల ఖాళీ అవుతూ ఉంటుంది. హిమానీనదం మూతి ఎంత జరిగిందో చూడటం అంటే గాదెని బయటి నుంచి చూడటమే. అసలు చూడాల్సింది మందం. మంచు నిలువునా ఎంత పలచబడింది?

దీనికి గంగోత్రి లాంటి చోట ఒక చిక్కుంది. మా ఆవిడ చూసిన మట్టిగుట్ట గుర్తుందిగా. ఆ రాళ్ళ కప్పు చాలా మోసం చేస్తుంది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో సోడా కొట్టువాడు ఐసు దిమ్మని రంపపు పొట్టులో పాతిపెట్టి, పైన గోనెపట్టా కప్పేవాడు. సాయంత్రం దాకా ఉండేది. అలాగే రాళ్ళూ మట్టీ మందంగా కప్పితే కింద మంచు మెల్లగా కరుగుతుంది. మూతి దగ్గర కప్పు మందం, కాబట్టి మూతి అంత తొందరగా జరగదు. కానీ కొంచెం పైకి వెళితే కప్పు పలచన, మంచు అక్కడ ఎక్కువగా కరుగుతుంది. అంటే చివర నిలబడే ఉంటుంది, నడుము కృశిస్తుంది. కొన్ని చోట్ల మూతి దాదాపు కదలకుండానే హిమానీనదం పలచబడిపోతోంది. "అదిగో, అది వెనక్కి జరగట్లేదు" అని చూపించేవాళ్ళు తరచూ ఇలాంటివే చూపిస్తారు.

రాళ్ళ సంగతి అలా ఉంటే, పలచటి మసి సంగతి సరిగ్గా దానికి తలకిందులు. తెల్లటి మంచు ఎండని తిప్పికొడుతుంది. దాని మీద సన్నగా మసి పడితే, నల్లగొడుగు ఎండలో ఎలా వేడెక్కుతుందో అలా ఎండని పీల్చుకుంటుంది. డీజిలు పొగ, పొలాల్లో తగలబెట్టే గడ్డి, వేసవిలో ఉత్తరాఖండ్ అడవుల్లో రేగే మంటలు, కట్టెల పొయ్యిలు, అన్నిటి మసీ పైకి చేరుతుంది. చీర్‌బాసా దగ్గరే పరికరం పెట్టి 2016లో కొలిచారు. వేసవి నెలల్లో గాలిలో మసి బాగా పెరుగుతోందని తేలింది.

మరి మందం ఎలా కొలుస్తారు? దీనికి రెండు దారులు. ఒకటి కష్టమైనది. వెదురు కర్రలు పట్టుకుని మంచు మీదికి వెళ్ళి, ఆవిరి యంత్రంతో లోతుగా రంధ్రాలు చేసి, వాటిలో కర్రలు దించి వస్తారు. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళి ఎన్ని మీటర్ల కర్ర బయటపడిందో చూస్తారు. హిమాచల్‌లో ఛోటా శిగ్రి అనే హిమానీనదం మీద 2002 నుంచి ఇలా వరసగా కొలుస్తున్నారు. మన దేశంలో ఇంత కాలం ఆపకుండా కొలిచినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్ని వేల హిమానీనదాలకి అయిదో పదో మనిషి కొలతలు! ఇది నాకు చాలా కష్టంగా అనిపించే విషయం. క్రికెట్ స్టేడియం పిచ్ మీద పెట్టినంత శ్రద్ధ వీటి మీద పెట్టం.

రెండో దారి గమ్మత్తైనది. 1970ల్లో అమెరికా వాళ్ళు సోవియట్ రష్యా మీద నిఘాకి ఉపగ్రహాలు పంపారు. అప్పట్లో డిజిటల్ లేదు, ఫిల్ము రీళ్ళే. ఫోటోలు తీశాక ఆ రీలుని ఒక డబ్బాలో పెట్టి పారాచూట్‌తో కిందికి వదిలితే, విమానం వెళ్ళి గాలిలోనే దాన్ని కొక్కెంతో పట్టుకునేది. సినిమా కాదు, నిజం. ఆ గూఢచారి ఫోటోల్లో హిమాలయాలూ పడ్డాయి. రహస్యం తొలగించాక వాటి నుంచి, కొద్దిగా వేరే వేరే కోణాల్లో తీసిన బొమ్మల్ని కలిపి, అప్పటి మంచు ఎత్తు లెక్కగట్టారు. 2019లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు హిమాలయాల్లో 2,000 కిలోమీటర్ల పొడవునా 650 హిమానీనదాలకి ఈ పని చేశారు. ఫలితం: 1975 నుంచి 2000 దాకా ఏటా పోయిన మంచు కన్నా, 2000 నుంచి 2016 దాకా ఏటా పోయినది రెండింతలు. ఇప్పుడు సగటున ఏటా దాదాపు అర మీటరు నిలువున పోతోంది. మసి అన్ని చోట్లా ఒకేలా పడదు, వానలు ఒకేలా పడవు, కానీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తగ్గుదల ఉంది. అన్నిటికీ ఉమ్మడిగా పెరిగింది ఉష్ణోగ్రత. అదే పెద్ద పందికొక్కు.

ఇంకో సంగతి చెబుతాను, పేర్లు అందంగా ఉంటాయి కాబట్టి మీకు గుర్తుంటుంది. గంగోత్రికి ఉపనదాలుండేవి. ఎర్రరాళ్ళు మోసుకొచ్చేది రక్తవర్ణ్, ఇంకోటి మేరు. ఒకప్పుడు ఇవి పెద్ద హిమానీనదంలో కలిసేవి. ఇప్పుడు రక్తవర్ణ్, మేరు దానికి అందవు. వాటి మంచు మధ్యదారిలోనే అయిపోతోంది. పిల్లకాలువలు ఎండితే చెరువు సంగతి ఏమిటో రైతుకి చెప్పక్కర్లేదు.

సరే, గంగ ఎండిపోతుందా? ఇది అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. ఎండిపోదు. గంగలో ఎక్కువ నీళ్ళు వాననీళ్ళే. దేవప్రయాగ దగ్గర, అంటే ఇంకా కొండల్లో ఉండగానే, ఏడాది మొత్తం ప్రవాహంలో మంచు కరిగి వచ్చేది మూడో వంతు కన్నా తక్కువ. అందులో కూడా ఆ చలికాలం పడి ఆ వేసవికి కరిగిపోయే మంచుదే పెద్ద భాగం. కాశీకి, పాట్నాకి వచ్చేసరికి ఆ వాటా ఇంకా చిన్నది. సింధు నది కథ వేరు, దానికి మంచే ఆధారం, పాకిస్తాన్ సాగుకి అది ప్రాణం. మన గోదావరి, కృష్ణలకైతే హిమానీనదంతో సంబంధమే లేదు. త్ర్యంబకంలో వాన పడితే గోదావరి, లేకపోతే లేదు.

కానీ ఏడాది మొత్తం లెక్క చూస్తే అసలు ఇబ్బంది కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో వాన ఉండదు, ఆ నెలల్లో కొండ ఊళ్ళకి నీళ్ళిచ్చేది ఈ మంచే. అదీ కాక కరగడం పెరిగితే ముందు నీళ్ళు పెరుగుతాయి. చిల్లు పడ్డ గాదె కింద గింజలు ఎక్కువే రాలతాయి కదా. ఈ ఏడు పంట బాగుందనుకుంటాం. శతాబ్దం మధ్య దాకా చాలా చోట్ల ప్రవాహం పెరిగి, తర్వాత తగ్గుతుందని అంచనా. పెరిగినన్నాళ్ళు దాన్ని చూసి ప్రాజెక్టులు కడితే, అవి పూర్తయ్యేసరికి నీళ్ళు ఉండకపోవచ్చు.

నాకు ఇంకా భయం వేసేది నీళ్ళు తగ్గడం కాదు, చెరువులు. హిమానీనదం వెనక్కి జరిగిన చోట గుంట మిగులుతుంది. దాని ముందు పాత మంచు తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ కట్టలాగా ఉంటాయి. గుంటలో నీళ్ళు చేరి చెరువవుతుంది. కట్టినవాడు లేని కట్ట. ఇంజనీరు చూడని కట్ట. దీని మీద పని చేస్తున్నది మన హైదరాబాదులోనే, బాలానగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరు, ఇస్రోది. ఉపగ్రహాల్లోంచి ఈ చెరువులన్నీ లెక్కపెడతారు. 2024లో ఇస్రో చెప్పింది: హిమాలయ నదుల పరివాహకాల్లో 10 హెక్టార్ల కన్నా పెద్ద చెరువులు 2,431 ఉంటే, 1984 నుంచి వాటిలో 676 గణనీయంగా పెరిగాయి. ఆ 676లో 130 మన దేశంలో ఉన్నాయి. హిమాచల్‌లో ఘేపాంగ్ ఘాట్ అనే చెరువు 1989లో 36 హెక్టార్లు ఉండేది, 2022కి 101 హెక్టార్లు.

2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ లోనక్ చెరువు ఏం చేసిందో విన్నారు. ఒడ్డు విరిగి చెరువులో పడింది, అల లేచి కట్ట తెగింది, రాత్రికి రాత్రి తీస్తా నది పొంగి చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యాము కొట్టుకుపోయింది. ఇలా చెబుతున్నప్పుడు ఒక జాగ్రత్త. కొండల్లో ఏ వరద వచ్చినా టీవీలో "గ్లేసియర్ పేలింది" అని వేస్తున్నారు. 2021 ఫిబ్రవరిలో చమోలీలో జరిగింది అది కాదు. రోంతీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి, సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్లు, ఒక్కసారిగా విరిగిపడింది. అక్కడ తెగడానికి చెరువే లేదు. 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. 2013 కేదార్‌నాథ్‌లో చోరాబారి చెరువు తెగింది నిజమే, కానీ ముందు విపరీతమైన వాన పడింది, అదీ జూన్ మధ్యలో, యాత్రికులు నిండుగా ఉన్నప్పుడు. మన జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతమంది చిక్కుకున్నారో, ఫోన్లు కలవక ఇళ్ళ దగ్గర ఆ వారం ఎలా గడిచిందో ఈ హాల్లో కొందరికి బాగా గుర్తుండి ఉంటుంది.

ఇక ముందు ఏమవుతుంది అంటే, ఖాట్మండూలో ఐసీఐఎంఓడీ అని హిమాలయ దేశాలన్నిటి ఉమ్మడి సంస్థ ఉంది. 2019లో వాళ్ళు ఇచ్చిన అంచనా: ప్రపంచం వేడి పెరుగుదలని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా 2100 కల్లా ఈ ప్రాంతపు మంచులో మూడో వంతు పోతుంది. పొగ ఇలాగే వదులుతూ పోతే మూడింట రెండొంతులు పోతుంది. ఆపినా మూడో వంతు ఎందుకు పోవాలి? పొయ్యి ఆర్పినా ఎసరు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది కదా. గంగోత్రి లాంటి పొడవాటి హిమానీనదానికి వేడి తగిలిన కబురు మూతి దాకా చేరడానికి దశాబ్దాలు పడుతుంది. ఇప్పుడు గోముఖం జరుగుతున్న దూరంలో మా తరం వదిలిన పొగ ఉంది. ఇప్పటి పొగకి లెక్క ఇంకా రాలేదు.

నా మాట ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చేసిందని సైగ చేస్తున్నారు, కాబట్టి చిన్నవే అడగండి. (నవ్వులు)

(ఒక పెద్దాయన) అయ్యా, మంచు కరగడం ఇప్పుడే మొదలైందా? పూర్వం కూడా కరిగింది కదా. అప్పుడు కార్లు లేవు.

మంచి ప్రశ్న. కరిగింది. దాదాపు 60 వేల ఏళ్ళ కిందట ఇదే హిమానీనదం గంగోత్రి ఊరు దాటి కింద ఝాలా అనే ఊరి దాకా ఉండేది. 1780 ప్రాంతం నుంచే గోముఖం వెనక్కి జరుగుతోందని కూడా అంటారు. అప్పట్లో ప్రపంచం ఒక చిన్న చలియుగం లోంచి బయటపడుతోంది. అందుకే గంగోత్రి ఒక్కదాన్నే చూపించి ఇదంతా మనిషి పనే అంటే నేను ఒప్పుకోను. దీన్ని ప్రపంచంలోని హిమానీనదాలన్నిటికీ లెక్కేసినవాళ్ళున్నారు. 2014లో వచ్చిన లెక్క. 1851 నుంచి 2010 దాకా పోయిన మంచు మొత్తంలో మనిషి వాటా నాలుగో వంతే. కానీ చివరి ఇరవై ఏళ్ళు, 1991 నుంచి 2010 దాకా, విడిగా తీసుకుంటే దాదాపు 70 శాతం. ముసలాయనకి దగ్గు పూర్వం నుంచీ ఉండొచ్చు. గదిలో పొగపెట్టిన తర్వాత వచ్చిన దగ్గుని కూడా పాత జబ్బే అంటే ఎలా?

(ఒక విద్యార్థిని) సర్, మంచు మన దగ్గర లేదు కదా. మనకి ఏం నష్టం?

నువ్వు ఏ ఊరమ్మా? కాకినాడా. ఉప్పాడ బీచ్ రోడ్డు చూసే ఉంటావు. ప్రపంచంలోని హిమానీనదాల నుంచి 2000 నుంచి 2023 దాకా సగటున ఏటా 27,300 కోట్ల టన్నుల మంచు పోయింది. దానివల్ల సముద్రం 18 మిల్లీమీటర్లు పెరిగింది. బొటనవేలు వెడల్పంత. అది చూసి ఉప్పాడ మునగడానికి గోముఖమే కారణం అనకు, మీ మాస్టారు మార్కులు కోస్తారు. అక్కడ ఒండ్రు రాక తగ్గడం, ఒడ్డున కట్టిన కట్టడాలు, అలల దిశ, ఇవన్నీ ఉన్నాయి. పైగా సముద్రం పెరగడంలో నీరు వేడెక్కి ఉబ్బడం ఒక పెద్ద భాగం, గ్రీన్‌లాండ్ ఇంకో భాగం. కానీ ఆ బొటనవేలు కూడా ఆ లెక్కలోనే కలుస్తుంది. ఒడ్డు అప్పటికే బలహీనంగా ఉన్న చోట బాగా తెలుస్తుంది.

(ఇంకొకరు) మాస్టారూ, నాకు 61. గోముఖం ఒకసారి చూడాలనుంది. వెళ్ళగలనా?

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బాగుంటే వెళ్ళండి. మే, జూన్ మొదట్లో గానీ, వానలు తగ్గాక సెప్టెంబరు చివర గానీ వెళ్ళండి. గంగోత్రిలో ఒక రోజు ఆగి ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు చేసుకోండి. అనుమతి ముందే తీసుకోండి. ఒక్కరోజులో వెళ్ళి వచ్చేద్దామని మాత్రం అనుకోకండి, భోజ్‌బాసాలో పడుకోండి. మూతి దగ్గరికి మరీ వెళ్ళకండి, పైనుంచి రాళ్ళూ మంచుపెళ్ళలూ పడుతుంటాయి. గంగోత్రి నుంచి 18 కిలోమీటర్లు అని బోర్డుల మీద, పుస్తకాల్లో ఉంటుంది. అది పాత లెక్క. కొంచెం ఎక్కువే నడవాల్సి వస్తుంది.